పోరంబోకు: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

పొద్దుగూకిన తరువాతను ఇల్లు చేరని కొడుకును గూర్చి తల్లి "పోరంబోకువలె తిరుగుచున్నాడు" అని విసుగుకొనుట తెలుగు పల్లెలలో వినవచ్చు మాటయే. ఆ తల్లియే మఱునాడు కచేరీకి పోయి, తన చేనిగట్టు ప్రక్కనున్న బండ్లబాట ఎవరిదని అడిగినచో, అచ్చటి ఉద్యోగి కాగితములు త్రిప్పిచూచి "అది పోరంబోకు" అని చెప్పవచ్చును. ఇంటిలో అది తిట్టు. కచేరీలో అది భూమి పేరు. రెండును ఒకే మాట. భూమికి ఆ పేరు ముందు వచ్చినది; మనుష్యునికి తరువాత అంటినది. ఎవరి పట్టాలోను లేని భూమి పేరు, ఏ పనిలోను లేని మనుష్యునికి తిట్టుగా మారుట విచారింపదగిన విషయము. ఆ మార్పులో ఊరు ఏమి పోగొట్టుకొన్నదో కూడ అందువలన తెలియగలదు.

మాట పుట్టుక తమిళదేశమున నున్నది. తమిళమున 'పుఱమ్' అనగా వెలుపల. 'పోక్కు' అనగా పోక. రెండును కలిసి 'పుఱంపోక్కు' అయినది. లెక్కకు వెలుపల పోయిన భూమి యని భావము. తెలుగు నోటికి వచ్చునప్పటికి సున్న తరువాతి పకారము బకారమైనది. ఇట్లు పరుషము సరళమగుట తెలుగునకు సహజమే. 'పోక్కు'నకును తెలుగు 'పోక'కును చుట్టరికము స్పష్టము. కావున మాట దిగుమతి యైనను సగము మన ఇంటిదే.

పన్ను లెక్కనుండి కొంత భూమిని వెలుపల నుంచు ఆచారము మిక్కిలి ప్రాచీనము. మొదటి రాజరాజచోళుడు (క్రీ.శ. 985–1014) తంజావూరున కట్టించిన పెద్దగుడి శాసనములు ఇందుకు సాక్ష్యము. దేవాలయమునకు ఇచ్చిన గ్రామములను పేర్కొనునప్పుడు, మొదట ఊరి మొత్తము విస్తీర్ణము చెప్పి, అందుండి ఇండ్లున్న నత్తము, కాలువలు, పనివారి చేరులు, శ్మశానము మొదలగువానిని తీసివేసి, మిగిలినదానికే పన్ను కట్టిరి. తీసివేయబడిన భూమి పనికిరానిదని వారి అభిప్రాయము కాదు. కాలువ లేనిదే మడి లేదు. ఇల్లు లేనిదే దున్నువాడు లేడు. శ్మశానముతో ఎప్పుడో ఒకప్పుడు పని పడనివాడు లేడు. అందరి అవసరమునకు నిలిచినది గనుక ఒక్కని పేర పన్ను వేయుటకు వీలులేదని అర్థము.

కుంఫిణీ ప్రభుత్వపు దినములలో ఈ మాటకు కొత్త బలము కలిగినది. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగను, 1820 నుండి 1827 వరకు మద్రాసు గవర్నరుగను ఉండి రైతువారీ పద్ధతిని స్థిరపరచెను. ఆ పద్ధతిలో ప్రతి పొలమును కొలిచి, అంకె వేసి, శిస్తు కట్టి, రైతు పేరు వ్రాయవలెను. పేరు వ్రాయుటకు వీలులేనిదంతయు పోరంబోకు పద్దున చేరెను. అందును రకములు కలవు. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, బాట పోరంబోకు, డొంక పోరంబోకు, శ్మశాన పోరంబోకు. ఈ పట్టికను ఒకమారు నిదానముగా చదివినచో ఒక సంగతి తోచును. నీరు త్రాగుట, నడచుట, పశువులను తోలుకొనిపోవుట, కాలముతీరిన పిదప కాటికి చేరుట, ఇవన్నియు పోరంబోకు మీదనే జరుగుచున్నవి.

నిజాము రాజ్యమున కచేరీ భాష వేఱు. మొదటి సాలార్ జంగు (దివానుగిరి 1853–1883) కాలమున బొంబాయి పద్ధతి ననుసరించి సర్వే, బందోబస్తు ఆరంభమైనవి. 1317 ఫసలీలో, అనగా 1907–08లో, భూమిశిస్తు చట్టము వచ్చినది. అందువలన ఇచ్చటి సేత్వారులలోను పహాణీలలోను ఉర్దూ, మరాఠీ మాటలే ఎక్కువ. చెరువు గర్భము 'శిఖం'. ఊరి పశువుల మేతభూమి 'గైరాన్'. సర్కారు లెక్కలో నుండి తీసివేసినది 'ఖారిజ్ ఖాతా'. పట్టా నంబరులోనే దున్నుటకు వీలుకాని రాతిబోడు, వాగుకోత మొదలగునవి 'పోట్ ఖరాబు'. ఈ 'ఖరాబు' మాటను గమనింపవలెను. అనగా చెడినది. నాగలి దిగకపోవుటయే దాని చెడుగు. తెలంగాణమునను "వాడు ఖరాబైనాడు" అని మనుష్యుని గూర్చి అనుట కలదు. దక్షిణమున పోరంబోకు, ఇచ్చట ఖరాబు. భాషలు రెండైనను, భూమికిని మనుష్యునికిని ఒకే మాట వాడుట రెండుచోట్లను జరిగినది.

దొంకేశ్వర్ అను పేరు వినగానే తెలుగువానికి 'డొంక' స్ఫురించును. ఊరి పేరునకు వ్యుత్పత్తి చెప్పుట ఈ వ్యాసమునకు పని కాదు గాని, డొంక లేనిదే ఈ ప్రాంతపు సేద్యము లేదనుట మాత్రము నిజము. ఆర్మూరు సీమ పసుపునకు ప్రసిద్ధము. పసుపు త్రవ్విన తరువాత కొమ్ములను ఉడికించి, పది పదునైదు దినములు ఎండబెట్టవలెను. అందుకు చేను చాలదు, ఇంటివాకిలి చాలదు. విశాలమైన బయలు కావలెను. బతుకమ్మను పేర్చి ఆడవారు ఆడుకొనుటకు బయలు కావలెను. ఆ బతుకమ్మకు కావలసిన తంగేడు, గునుగు పూచునది పట్టా చేనిలో కాదు, గట్లమీదను బీళ్లలోను. ఇట్లు పంటయు పండుగయు గూడ ఎవరి పేర లేని నేలమీద ఆధారపడి యున్నవి.

గోదావరిపై పోచంపాడు ప్రాజెక్టునకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. అదియే తరువాత శ్రీరాంసాగర్ అయినది. జలాశయము నిండినప్పుడు ఒడ్డునున్న గ్రామములెన్నో మునిగినవి. నాటి భూసేకరణ చట్టము పట్టాదారుని ఎఱుగును; పశువులను మేపుకొనువానిని ఎఱుగదు. చేను మునిగినవానికి పరిహారమని ఒక లెక్క యున్నది. మేత మునిగిన మందకు ఏ పద్దునను లెక్క లేదు. ఎవరిదియు కాదనిన భూమి పోయినప్పుడు, పోయినదని చెప్పుకొనుటకు గూడ ఎవడును ఉండడు.

ఇక ఈ పేరు భూమినుండి మనుష్యునికి ఎట్లు ప్రాకినది? పోలిక సులభముగనే తెలియుచున్నది. పట్టా లేని నేలవలె ఆలుబిడ్డలు, ఆస్తిపాస్తులు లేనివాడు; శిస్తు లేని నేలవలె సంపాదన లేనివాడు; అడ్డుకట్ట లేని నేలవలె అదుపు లేనివాడు. పన్ను వసూలుచేయువాని కంటికి భూమి ఎట్లు కనబడినదో, ఇంటి పెద్ద కంటికి పనిలేని కుఱ్ఱవాడు అట్లే కనబడెను. ఊరి బయలు ఊరికెంత మేలు చేయుచున్నదో మఱచినవారే ఈ పోలికను పోల్చియుందురు.

తిరుగుటను తిట్టుటకు తెలుగువానికి ఇది యొక్కటే మాట కాదు. అచ్చతెలుగున 'తిరుగుబోతు', 'దేశదిమ్మరి' కలవు. దిమ్మరి అనునది ప్రాచీన కావ్యములలోని 'ద్రిమ్మరు' అను క్రియనుండి వచ్చినది. తిరుగు అను ధాతువు నుండియే గింజలు విసరు 'తిరుగలి', అన్యాయముపై లేచు 'తిరుగుబాటు', ఇల్లిల్లు తిరిగి ఎత్తుకొను 'తిరిపెము' పుట్టినవి. పారసీకమునుండి ఉర్దూ ద్వారా 'ఆవారా' వచ్చినది. 1951లో రాజ్ కపూర్ చిత్రము విడుదలయిన తరువాత అది దేశమంతట మాఱుమ్రోగినది. 'బలాదూరు తిరుగుట' అను మాటలో 'బలా' అనగా ఆపద, 'దూర్' అనగా దూరము. ఆపద దూరమగుగాక యను దీవెన, తెలుగున ఏ బాదరబందీయు లేక తిరుగుట యను అర్థమున స్థిరపడినది. రాత్రి పోలీసులు వేయు 'గస్తీ'యు తిరుగుటయను అర్థముగల పారసీక ధాతువునుండి వచ్చినదే. సర్కారు మనిషి తిరిగిన గస్తీ, దిక్కులేనివాడు తిరిగిన ఆవారాతనము! కాళ్లు చేయు పని ఒక్కటే. పేర్లు మాత్రము రెండు.

సంస్కృతమున తిరుగుటకు ఇంత నింద లేదు. 'భ్రమ్' ధాతువు నుండి భ్రమణమును కలదు, భ్రాంతియు కలదు, తుమ్మెద భ్రమరము. తిరుగుటలో దారి తప్పు అపాయమున్నదని ఆ ధాతువు హెచ్చరించుచున్నది. 'అట్' ధాతువు నుండి దేశాటనము, పర్యటనము. 'చర్' ధాతువు నుండి సంచారము, ఆచారము, విచారము, చరిత్రము పుట్టినవి. తిరుగుట, నడచుకొనుట, ఆలోచించుట, జరిగిన కథ, ఈ నాలుగును ఒకే ధాతువు బిడ్డలు.

వీనిలో 'గోచరము' మిక్కిలి రమ్యమైన మాట. పాణిని దీనిని 'సంచర', 'వ్రజ' శబ్దములతో కలిపి ఒకే సూత్రమున చెప్పెను. గోచరమనగా మొదట గోవులు చరించు చోటు, అనగా ఊరి గైరాన్. మరాఠీ 'గాయరాన్' అనగా ఆవుల బీడు, అర్థము అదియే. ఆవులు ఎంతదూరము మేయునో అంతవఱకు గోచరము. తరువాత కన్ను ఎంతదూరము పోవునో అదియు గోచరము, బుద్ధికి అందినదెల్లయు గోచరము. "ఏమియు గోచరించుట లేదు" అని చదువుకొన్నవారు అనునప్పుడు, తెలియకయే వారు ఊరి మేతబీటిని తలచుచున్నారు. ఒకే విధమైన నేలనుండి పూర్వులు జ్ఞానమునకు పేరు తెచ్చుకొనిరి. తరువాతివారు తిట్టు తెచ్చుకొనిరి.

భారతకథలో జరత్కారుడను మునిని ఇచ్చట స్మరింపవలెను. అతడు యాయావర వంశమువాడు. యాయావరుడనగా ఎల్లప్పుడు పోవుచుండువాడు. పొద్దుక్రుంకిన చోటనే అతని ఇల్లు. పెండ్లి యొల్లక తిరుగుచుండగా, ఒకచోట గోతిలో తలక్రిందులుగా గడ్డిపరక పట్టుకొని వ్రేలాడుచున్న పితరులను చూచెను. ఆ గడ్డి వేళ్లను ఎలుక కొఱుకుచుండెను. తనవలన వంశము నిలువవలెనని తెలిసికొని, నాగరాజగు వాసుకి చెల్లెలిని పరిణయమాడెను. వారి కుమారుడు ఆస్తీకుడు జనమేజయుని సర్పయాగమును ఆపి నాగకులమును కాపాడెను. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయ తెలుగుభారతము మొదలిడినప్పుడు, ఆదిపర్వమున ఈ కథయు తెలుగైనది. ఇంటిపట్టుననే యుండినచో జరత్కారునకు ఆ గోయి కనబడకయే పోయెడిది.

తిరుగువానిని తిట్టుట ఒక ఎత్తు; తిరుగుటయే నేరమని చట్టము చేయుట మఱియొక ఎత్తు. 1871వ సంవత్సరమున ఆంగ్లప్రభుత్వము రెండు చట్టములు చేసెను. జనవరిలో పశువుల అతిక్రమణ చట్టము. దాని ప్రకారము పొలములో పడిన దిక్కులేని పశువును బందెలదొడ్డిలో పెట్టి, జరిమానా చెల్లించిన పిదపనే విడువవలెను. అక్టోబరులో నేరస్థ జాతుల చట్టము. దాని ప్రకారము కొన్ని సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించి, పేర్లు నమోదు చేసి, హాజరు చెప్పించి, చీటీ లేనిదే ఎల్ల దాటరాదని శాసించిరి. ఒకే సంవత్సరమున పశువులకు ఒక దొడ్డి, మనుష్యులకు ఒక దొడ్డి ఏర్పడినవి. 1911లో ఆ చట్టము మద్రాసు రాజధానికి వ్యాపించినది. 1913లో బాపట్ల సమీపమున ఎరుకలవారికై ఏర్పడిన స్టూవర్టుపురము అట్టి నివాసమే.

ఆ ఎరుకలవారు పూర్వమేమి చేసెడివారు? పశువుల వీపున సముద్రతీరపు ఉప్పును లోపలి సీమలకును, అచ్చటి ధాన్యమును తీరమునకును చేరవేసెడివారు. బంజారాల ఎద్దుల బిడారులు దండులకే ధాన్యము మోసినవి. ఉప్పుపై సర్కారు ఆంక్షలు, రైలుమార్గములు వచ్చిన పిదప వారి వ్యాపారము చితికిపోయినది. పనితో తిరిగినవారు పనిలేక తిరుగవలసి వచ్చినది. పని తీసివేసిన ప్రభుత్వమే, పనిలేక తిరుగుచున్నారని వారిపై నేరము మోపినది. స్వాతంత్ర్యానంతరము అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన ఒక సంఘము విచారించి చట్టము తొలగింపవలెనని చెప్పగా, 1952 ఆగస్టు 31న అది రద్దయినది. అప్పటినుండి వారు విముక్త జాతులు. చట్టము పోయినను మాట వెంటనే పోదు. ఊరిలో దొంగతనము జరిగిన రాత్రి, గుడారము వేసికొన్నవానినే మొదట అనుమానించు అలవాటు అనేకచోట్ల ఇంకను మిగిలియున్నది.

ఊరివానికి గమ్యము లేనట్లు కనబడు తిరుగుడునకు తిరుగువాని లెక్కలో గమ్యము కలదు. నిజామాబాద్ జిల్లాకు కీర్తి తెచ్చిన చిందు యక్షగాన కళాకారిణి చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసినది. చిందువారు ఇష్టమువచ్చిన ఊరికి పోవువారు కారు. ఏ మేళమునకు ఏ ఊళ్లు చెందునో తరతరములుగా మిరాశీ కట్టుబాటు కలదు. పట్టాదారునకు పొలము హద్దులవలె వారికి ఊళ్ల హద్దులు. గొల్ల కురుమలు మేతకై మందలను తోలుకొనిపోవునప్పుడును ఏ నెలలో ఏ వాగు దాటవలెనో, ఏ చేనిలో మంద నిలిపి ఎరువు వేయవలెనో వారికి తెలియును. ఆ లెక్క పహాణీకి ఎక్కలేదు, నోటనే నడచినది.

ఇప్పటి కాలపు మాట యొకటి కలదు. 1970ల నుండి ఈ జిల్లావారును కరీంనగర్‌వారును వేలాదిగా గల్ఫు దేశములకు పోవుచున్నారు. యజమాని పెట్టు బాధలు పడలేకయో, జీతము రాకయో పనిచోటు విడిచి బయటపడినవానిని 'ఖల్లివల్లి' యందురు. అరబ్బీలో దానికి "పోనిమ్ము, విడువుము" అని అర్థము. పాసుపోర్టు చేతలేక, దొరికిన పని చేయుచు, పోలీసులకు కనబడక తిరుగు మన పల్లె బిడ్డకు అదియే పేరైనది. 2018లో కువైటును, సంయుక్త అరబ్ ఎమిరేట్సును క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇట్టివారెందఱో ఇల్లు చేరిరి. కాగితములేని నేల పోరంబోకు; కాగితములేని మనుష్యుడు ఖల్లివల్లి. మొదటిదానిని సులభముగా ఆక్రమింతురు; రెండవవానిని సులభముగా మఱతురు.

ఆక్రమణ మాట వచ్చినది గనుక చెప్పవలెను. పంజాబులోని ఒక గ్రామపు చెరువు స్థలమును ఆక్రమించినవారి వివాదమున, 2011 జనవరి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, గ్రామముల ఉమ్మడి భూములు గ్రామస్థుల సమష్టి ప్రయోజనమునకే నిలువవలెననియు, ఆక్రమణలను తొలగించుటకు రాష్ట్రములన్నియు ఏర్పాట్లు చేయవలెననియు ఆదేశించినది. 2017లో గాయకుడు టి.ఎం. కృష్ణ చెన్నై సమీపమున ఎన్నూరు ఏటిపాయ ఆక్రమణపై తమిళమున పాడిన పాట, పోరంబోకు అను తిట్టునే గౌరవముతో పైకెత్తినది. కోర్టు తీర్పు చెప్పగలదు. కవి పాట కట్టగలడు. అయినను ఫలానా గట్టు ఫలానా చోటు నుండి ఫలానా చోటు వఱకు ఉండెనని చెప్పగలవారు ఊరివారే.

సంచార జాతి యనిన చులకన చేయువారే, సంచార గ్రంథాలయ మనిన చేతులు జోడింతురు. 1931లో మన్నార్గుడి ప్రాంతమున ఎద్దులబండి గ్రంథాలయము పల్లెలకు కదలినది. 1935లో కృష్ణా కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పడవ గ్రంథాలయము నడచినది. పాతూరి నాగభూషణముగారు అందుకు కృషి చేసిరి. పుస్తకము ఒక్కచోట నిలిచినచో చెదలకు ఆహారమగును. చేతులు మాఱినచో చదువగును. గ్రంథాలయములోని పుస్తకముపై ఏ ఒక్కని పట్టాయు లేదు. చందాదారుడు తీసికొనిపోవును, చదువును, తెచ్చియిచ్చును. ఆ అర్థమున గ్రంథాలయము ఊరి బయలువంటిదే. చెరువుగట్టువలె, డొంకవలె, అందఱును తిరుగుటకు విడిచిన చోటు.

కావున ఈ రజతోత్సవ వేళ గ్రామస్థులు ఒక చిన్న పని తలపెట్టవచ్చును. ఊరి చుట్టునున్న డొంకలు, కుంటలు, బీళ్లు, గట్లు, మందలు నిలుచు చోట్లు, గుడారములు వేయు చోట్లు, వీని పేర్లను వృద్ధులనుండి అడిగి, ఏది ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో ఒక పుస్తకమున వ్రాయించి, గ్రంథాలయమున భద్రపరుపవలెను. పట్టా భూములకు కచేరీలో పుస్తకమున్నది. పట్టా లేనివానికి ఇచ్చట ఒకటి యుండవలెను. అందు కడపటి పుటలో, ఏటేట ఊరికి వచ్చి ఆడి పాడి పోవు మేళముల పేర్లును వ్రాయుట మఱువరాదు.